మిరపకాయ పద్యం

ఆత్మకూరు అడవి అంచున సోమనారాధ్యులనే రసవైద్యుడు ఉండేవారు. పాదరసాన్ని గంధకంతో నూరి, మట్టిమూసలో పెట్టి మూత బిగించి, పిడకల నిప్పులో పుటం వేసి మందులు చేసేవారు. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా "ముందు ఆ నిప్పు సంగతి చూడు నాయనా" అనడం ఆయన అలవాటు. నిప్పు సంగతి చూసొచ్చేసరికి సగం మంది తామేం అడిగారో మరిచిపోయేవారు. గురవప్ప మరిచిపోయే రకం కాదు. అతడిది ఉడుంపట్టు.

"ఈ గ్రంథం నిజంగా శివుడు చెప్పిందేనా స్వామీ?" అని నిప్పు ఎగదోసి వచ్చి మళ్ళీ అదే అడిగాడు.

ఆ గ్రంథం ఓ తాటాకుల కట్ట. శివుడు పార్వతికి రసవిద్య చెబుతుంటే ఒక సిద్ధుడు చాటుగా విని పద్యాలు కట్టాడని మొదటి ఆకులోనే ఉంది. కైలాసంలో తెలుగు మాట్లాడతారా అని అడక్కండి. ఎవరి దేవుడు వాళ్ళ భాషే మాట్లాడతాడు. కర్నూలు హకీముగారి దగ్గరా ఇలాంటి పుస్తకాలే ఉండేవి. అవి ఎప్పుడో ఈజిప్టు దేశంలో హిర్మిస్ అనే మహాజ్ఞాని చెప్పినవని ఆయన కళ్ళకద్దుకునేవారు. ఒక్కడే అన్ని పుస్తకాలు చెబుతూ ఊపిరి ఎప్పుడు తీసుకున్నాడో హకీముగారికీ తెలియదు. అయితేనేం, ఆ మాటలు పట్టుకుని ఇనుమును బంగారం చేస్తామని కొందరు, చావునే ఆపుతామని కొందరు దేశదేశాల్లో కొలుముల ముందు జన్మలు ధారపోశారు.

గురవప్పకు బంగారం అక్కర్లేదు. తల్లి పోయాక తనను ఎత్తుకు పెంచిన అక్క నీలమ్మకు ఒళ్ళంతా మానని పుళ్ళు. అత్తవారు ఆమెను పశువుల కొట్టంలో పడుకోబెట్టారు. ఆ మాట విన్ననాడే అతడు ఇల్లు వదిలి గురువుగారి దగ్గరికి వచ్చాడు. అక్కకు తన చేత్తో మందు చేసి తీసుకెళ్ళాలి. అదీ దేవుడు చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా చేయాలి. మనిషి వేలు పెట్టిన మాట ఒక్కటీ అందులో ఉండకూడదు. అందుకే గ్రంథానికి కొత్త ప్రతి రాసుకుంటూ పద్యం పద్యాన్నీ జల్లెడ పట్టాడు.

ఒకచోట అతని గంటం ఆగింది. మందు చేసినవాడు ముందుగా తన నాలుక మీదే రవ్వంత వేసుకోవాలనీ, మిరపకాయ కొరికినట్టు మండితే అది పచ్చిమందనీ, పారబోయాలనీ ఆ పద్యం.

"మిరపకాయా!" అని గురవప్ప ఒక్క గెంతు గెంతాడు. "మా ముత్తాత మిరప మొక్క నాటితే ఇదేం వింతరా అని ఊరు ఊరంతా చూడ్డానికొచ్చిందట స్వామీ. ఓడలెక్కి నిన్నగాక మొన్న దిగిన కాయ అది! కాకతీయులకు ముందటి సిద్ధుడికి దాని కారం ఎలా తెలుసు? ఈ పద్యం ఎవడో తర్వాత దూర్చాడు."

ఆరాధ్యులవారు ఆకు అందుకుని చదివారు. "నిజమే, దూర్చిందే" అన్నారు.

"అయితే వదిలేస్తున్నా స్వామీ."

"నిప్పు చూడు నాయనా."

మందు తయారైంది. వానాకాలం కావడంతో పిడకలు పైకి ఎండినట్టున్నా లోపల చెమ్మగానే ఉండి, నిప్పు చాలినంత రగల్లేదు. పుటం విప్పితే మందు మాత్రం దానిమ్మ గింజలా ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. గురవప్ప పొట్లం కట్టి మొలలో దోపుకుని, గురువుగారి కాళ్ళకు దండం పెట్టాడు. రేపటికల్లా ఇది అక్క నోట్లో పడాలన్నాడు.

"ఏదీ, చూడనీ" అని ఆరాధ్యులవారు పొట్లం విప్పించారు. "స్వామీ, మీకెందుకు!" అని అతడు అంటూ ఉండగానే వేలికొసకు అంటినంత తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. ముసలాయన ముఖం జేవురించింది. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. ఉమ్మి, మజ్జిగతో పుక్కిలించి, మళ్ళీ ఉమ్మారు. నాలుక బొబ్బలెక్కింది.

వేలికొసంత మందే ఇంత పని చేస్తే, పూటకు చిటికెడు చొప్పున అక్క గొంతు దిగేది కదా! తమ్ముడు తెచ్చాడని ఆమె కిక్కురుమనకుండా మింగేది. ఆ తలపుకే గురవప్ప నేల మీద చతికిలబడి భోరుమన్నాడు.

ఏడుపు తీరాక లేచాడు. పొట్లాన్ని గొయ్యి తీసి పూడ్చాడు. పిడకలన్నీ విరిచి చూసి, లోపలిదాకా ఎండినవే ఏరి, మొదటినుంచి నూరడం మొదలుపెట్టాడు. పుటం విప్పగానే ముందు తన నాలుక మీద వేసుకున్నాడు. మండింది. పారబోశాడు. మళ్ళీ చేశాడు, మళ్ళీ మండింది. అన్నం మింగుడుపడక గంజి తాగుతూనే నూరాడు. "అక్కకు మందు ఇవ్వకుండా ఈ మందు నూరే కల్వం వదలను" అన్నాడు. చివరికి ఒక ఉదయం మందు నాలుక మీద మట్టిలా చప్పగా ఉండిపోయింది.

బయల్దేరే ముందు గురవప్ప కొత్త ఆకు తీసుకుని, తాను వదిలేసిన పద్యాన్ని రాశాడు. ఆ గ్రంథంలో ప్రతి పద్యం చివరా 'శివుడు పలికె' అని ఉంటుంది. అక్కడికొచ్చి ఆగిపోయాడు. వాచిన నాలుకతో మాట ముద్దముద్దగా వస్తుండగా అడిగాడు: "స్వామీ, దీన్ని కూడా శివుడే చెప్పాడని రాయమంటారా?"

ఈసారి ఆరాధ్యులవారు నిప్పు ఊసెత్తలేదు.

"హాలాహలం మింగినా ఆయన నాలుక కాలలేదు నాయనా" అన్నారు. "ఆయనకెలా తెలుస్తుంది?"