ఇప్పపూలకు అంటిన బూడిద

అనగనగా ఒక కొండ. కొండ నిండా అడవి. అడవి అంచున ఇప్పలపాడు అనే ఊరు. ఊళ్లో అరవై గడపలు. ఆ అరవై గడపలకూ అన్నం పెట్టేది ఇప్పచెట్లే. వేసవి మొదట్లో, తెల్లవారుతుండగా, తేనె రంగు పూలు టపటపా రాలేవి. ఎండబెట్టుకుంటే అవి ఏడాది తిండి. గింజలు ఆడిస్తే నూనె.

ఆ ఊరికి రెండు కట్టుబాట్లు ఉండేవి.

మొదటిది అగ్గిబాట. శివరాత్రి వెళ్లిన మర్నాడు ఊరు ఊరంతా చీపుళ్లు పట్టుకుని కొండెక్కేది. అడవికీ ఊరికీ నడుమ, ఎద్దుల బండి తిరిగేంత వెడల్పున, ఎండుటాకు ఒక్కటి మిగలకుండా నేల ఊడ్చేవారు. ఏ ఇంటి వంతు ఆ ఇంటిదే. అడవిలో ఎప్పుడైనా నిప్పు పుడితే అది ఆ బాట దాకా వచ్చి, మేయడానికి ఏమీ దొరక్క అక్కడే చచ్చేది.

రెండోది, ఇప్పచెట్టు కింద నేలను చీపురుతోనే శుభ్రం చేయాలి. రాలిన ఆకుల్లో పూలు కనబడవు గనుక ఆకులు తీసెయ్యాలి, అంతే తప్ప వాటికి నిప్పు పెట్టకూడదు. పెడితే పని సులువు, కాదనను. సులువైన పనుల సంగతి మీకు నేను చెప్పాలా పిల్లలూ!

ఈ రెండు కట్టుబాట్లకూ కావలి ఊరిపెద్ద ఓబులేసు. ఏటేటా ఊడ్పులయ్యాక చేతికర్ర పట్టుకుని అగ్గిబాట పొడవునా నడిచేవాడు. రాళ్ల సందుల్లో కర్రతో గుచ్చి చూసేవాడు. ఒక్క ఆకు కనిపించినా, "ఇదేందిరా, నేల ఊడ్చినావా, తల దువ్వినావా?" అని నలుగురిలో కడిగేసేవాడు. అతనంటే ఊరికి భయం, గౌరవం. "ఓబులేసు అబద్ధమాడితే కొండ కదిలినట్టే" అని తల్లులు పిల్లలకు చెప్పేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఓబులేసు మీసం కొంచెం పైకి లేచేది.

ఆ ఏడు ఓబులేసుకు మోకాళ్లు పట్టేశాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. ఆ సంగతి భార్య సిద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఊరిపెద్ద కుంటుతున్నాడంటే పరువేం కావాలి? అంత పొడవునా నడవలేక, ఆ ఏడు అగ్గిబాట చూడకుండానే "అంతా బాగుంది" అనేశాడు. కర్రతో గుచ్చి చూడలేదు.

ఇప్పపూల కాలం వచ్చింది. ఓబులేసు వంతు చెట్లు అగ్గిబాటకు పైన, అడవి లోపల ఉన్నాయి. రాలిన ఆకులు మోకాటి లోతు ఉన్నాయి. చీపురు పట్టి వంగాడు. నడుము వంగింది గాని మోకాళ్లు వంగలేదు. పక్క చెట్ల కింద నలుగురు పని చేసుకుంటున్నారు. ఒక్క కేక వేస్తే పరుగెత్తుకు వచ్చేవారే. ఆ ఒక్క కేక అతని గొంతు దాటలేదు.

వాళ్లందరూ దిగిపోయేదాకా ఆగాడు. తర్వాత అటూ ఇటూ చూసి ఆకులకు నిప్పు పెట్టాడు. గడియలో నేల నున్నగా అయింది. పచ్చికొమ్మతో కొట్టి మంట ఆర్పాడు. ఆరిందనుకున్నాడు. ఓ మూల ఎండిన మొద్దు ఒకటి ఉంది. దాని కడుపులో నిప్పు దాగి ఉందని చూసుకోలేదు. మర్నాడు ఉదయం వెళ్లి, ఆ నున్నటి నేల మీది పూలను కర్రతో పోగేసి గంపెడు తెచ్చాడు. "ఇంత తొందరగా గంపెట్లా నిండింది?" అంది సిద్దమ్మ. అతను గంప దించి లోపలికి పోయాడు. ఆవిడ పూలు కడుగుతూ నీళ్ల వంక చూసింది. మళ్లీ అడగకుండా ఆ నీళ్లు పెరట్లో పారబోసింది.

ఆ మధ్యాహ్నం పైగాలి లేచింది. మొద్దులోని నిప్పు కళ్లు తెరిచింది.

ముందు నెమళ్లు వచ్చాయి. ఊరి వీధిలోంచి పరుగెత్తాయి. వాటి వెనక కుందేళ్లు, కుందేళ్ల వెనక ఒక దుప్పి. ఎవరినీ అవి చూడలేదు, వాటినెవరూ ముట్టలేదు. వాటి వెనక పొగ వచ్చింది. ఊరంతా కుండలు పట్టుకుని అగ్గిబాట దగ్గర నిలబడింది. "బాట దాకా వచ్చి చస్తుందిలే" అన్నారు.

చావలేదు. రాళ్ల సందుల్లో ఆకులున్నాయి. ఊడ్పులనాడు ఒకరు తమ వంతు చెత్త పక్కవాడి వంతులోకి తోశారు, ఆ పక్కవాడు రాళ్ల కింద దాచాడు. నిప్పు ఒక్కొక్క రాయినీ వెతుక్కుంటూ బాట దాటింది. తూర్పు వైపున పదకొండు ఇళ్లు అంటుకున్నాయి.

అప్పుడు కొండమీది నుంచి ఒక మనిషి ఉరుకుతూ వచ్చాడు. తేనె తీసుకు బతికే ఈదయ్య. అడవి లోపల గుడిసె వేసుకుని భార్య లింగితో ఉంటాడు. తేనెటీగలకు పొగ పెట్టే గడ్డి కాగడా అతని చేతిలో వెలుగుతోంది. "వెనక్కి పోండి, అందరూ వెనక్కి పోండి!" అని అరుస్తూ, మంట ఇంకా చేరని వైపున అగ్గిబాట పై అంచు వెంట పరుగెత్తి, ఎండుగడ్డికి తానే నిప్పు పెట్టుకుంటూ పోయాడు. ఆ చిన్న మంట పెద్ద మంటకు ఎదురు నడిచింది. రెండూ పొట్టేళ్లలా ఢీకొన్నాయి. కాల్చడానికి గడ్డిపోచ మిగల్లేదు గనుక రెండూ అక్కడే చల్లబడ్డాయి. మిగిలిన ఊరు నిలిచింది. ఈదయ్య గుడిసె మాత్రం బూడిదైంది. అతని అరచేతులు రెండూ కాలిపోయాయి.

ఆ పొగలో ఊరివాళ్లకు కనబడింది ఒక్కటే. ఈదయ్య చేతిలో కాగడా. దగ్గరగా నిలబడి, అది ఎందుకో తెలుసుకున్నవాడు ఓబులేసు ఒక్కడే.

మర్నాడు బూడిద మీద ఊరు కూడింది. మూడు వందల ఇప్పచెట్లు మొండి మానులై నిలబడ్డాయి. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. ఏడుపు అయ్యాక కోపం వస్తుంది కదా, వచ్చింది. "ఎవడు పెట్టాడు ఈ అగ్గి?" అంది ఇల్లు కాలిన ఒకామె.

మేకల బొజ్జన్న లేచాడు. "ఎవడేంది? ఈదయ్య కాగడాతో గడ్డి అంటించడం నా కళ్లతో నేను చూసినా!"

"నేనూ చూసినా!" "నేనూ!"

అందరూ ఓబులేసు వంక తిరిగారు. చెప్పాల్సింది రెండు మాటలు. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "తొందరెందుకు? నిదానంగా విచారిద్దాం" అన్నాడు. అది అబద్ధం కాదు కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. అబద్ధం కాని మాటల్లో కూడా ఎంత అబద్ధం పడుతుందో ఆరోజు తెలిసింది అతనికి.

మూడో రోజున లింగి కడవతో ఊరి చెలమకు వచ్చింది. కొండమీది ఊట బూడిదతో పూడిపోయింది. ఆడవాళ్లు కడవలు అడ్డం పెట్టారు. "ఊరిని కాల్చి ఊరి నీళ్లు తాగుతారా?" అన్నారు.

లింగి వాళ్లతో జగడమాడలేదు. అరుగు మీదున్న ఓబులేసు వైపు తిరిగింది. "పెద్దాయనా, మా ఆయన చేతులు చీము పట్టినయి. కడగనీకి ఒక్క కడవ చాలు. నువ్వు చెప్తే ఇస్తరు."

ఓబులేసు తన చెప్పుల వంక చూశాడు. చెప్పుల్లో చూడాల్సిందేమీ లేదు. చూస్తూనే ఉన్నాడు. లింగి ఉత్త కడవతో వెళ్లిపోయింది. ఆ కడవ చప్పుడు మలుపు తిరిగేదాకా వినబడింది.

ఇంట్లో సిద్దమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. "ఊడ్చిన నేల మీది పూలకు చెత్త అంటుతది. ఆ పొద్దు నేను కడిగిన పూలకు చెత్త లేదు. బూడిద ఉంది" అంది. "నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నా. నా మొగుడి పరువని ఊరుకున్నా. ఈరోజు చెలమ దగ్గర కడవ అడ్డం పెట్టినోళ్లలో నేనూ ఉన్నా. నా చెయ్యి నాకే ఎంగిలి చెయ్యిలా ఉంది."

ఓబులేసుకు సిగ్గుతో ఒళ్లు కాలింది. ఆ పూట ఇద్దరూ అన్నం ముట్టలేదు.

ఏడో రోజున కోటలోంచి రాజుగారు వచ్చారు. వెనక జొన్నల బండ్లు. ముందు గింజలు కొలిపించి, తర్వాత విచారణకు కూర్చున్నారు. ఈదయ్యను తెచ్చి నిలబెట్టారు. అతని చేతులకు మోదుగాకులు చుట్టి ఉన్నాయి.

"అడవికి నిప్పు పెట్టినవాడు అడవిలో ఉండరాదు. అది మా తాతలనాటి శాసనం" అన్నారు రాజుగారు. "ఇతనే పెట్టాడని ఊరంతా అంటోంది. నేను ఊరి మాట మీద తీర్పు చెప్పను. ఓబులేసూ, నీవు అబద్ధమాడవని కోట దాకా పేరుంది. నీ ఒక్కడి మాట చాలు. నిప్పు పెట్టింది ఈదయ్యేనా?"

కొండ దిగితే ఈదయ్యకు బతుకు లేదు. తేనె తప్ప మరో విద్య రాదు. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నిలబడ్డకొద్దీ కాళ్లు వణకసాగాయి.

ఈదయ్య అతని ముఖం చూడలేదు. మోకాళ్ల వంక చూశాడు.

"ప్రభూ, పెద్దాయనను నిలబెట్టి అడగొద్దు. మోకాళ్ల నొప్పి. వంగలేడు పాపం, కూర్చోనియ్యండి" అన్నాడు.

ఓబులేసు ఈదయ్య వైపు తిరిగాడు. మోకాళ్ల సంగతి సిద్దమ్మకు తప్ప ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఈదయ్య ఎప్పుడు చూశాడు? వంగలేక చీపురు పారేసిన ఆ సాయంత్రం తప్ప ఇంకెప్పుడు చూడగలడు? తేనె కోసం ఏ రాతిచరియ మీదో ఉండి ఉంటాడు. నిప్పు పెట్టడమూ చూశాడు. ఊరు దోషిని చేస్తుంటే, భార్యను నీళ్లివ్వక తరిమేస్తుంటే, కాలిన చేతులతో ఏడు రోజులు నోరు మూసుకుని ఉన్నాడు. ఇప్పుడు నోరు విప్పితే, అది తన మోకాళ్ల కోసం.

ఓబులేసు తలపాగా తీశాడు. అంతమందిలో ఎన్నడూ తీయనిది తీశాడు.

"నిప్పు నాది ప్రభూ" అన్నాడు. "ఊడవడం చేతగాక పెట్టినా. చేతగాదని చెప్పుకోవడానికి నామోషీ. ఈదయ్య అది చూసి కూడా నా పేరు ఎత్తలేదు. ఈదయ్య పెట్టిన నిప్పు ఊరిని కాపాడింది. అది నాకు ఆ క్షణమే తెలుసు. మూడుసార్లు నోరు కట్టుకున్నా. అడవిని కాల్చిన పాపం ఒకటైతే, ఈ ఏడు రోజుల పాపం ఇంకొకటి. రెండోదే నాకు పెద్దది." అంటూ ఏడ్చాడు. పెద్ద మీసాలవాడు పసివాడిలా ఏడ్చాడు.

అప్పుడు సిద్దమ్మ లేచింది. "బూడిద కడిగింది నేను" అంది. కాసేపటికి బొజ్జన్న లేచాడు. "నా వంతు ఆకులు రాళ్ల కింద తోసినా" అన్నాడు నేల చూస్తూ. ఇంకొకరు లేచారు. మరొకరు. అరవై గడపల్లో తలెత్తిన గడప ఒక్కటి లేదు.

రాజుగారు ఈదయ్య వైపు తిరిగారు. "చూసినవాడివి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వీళ్లు నమ్మేవారా ప్రభూ?" అన్నాడు ఈదయ్య, గొంతు పెంచకుండా.

ఆ ప్రశ్నకు బదులు అందరికీ తెలుసు.

"అయితే తీర్పు నీదే" అన్నారు రాజుగారు. "శాసనం ప్రకారం అడవి విడిచి ఎవరు పోవాలి?"

ఈదయ్య అందరినీ ఒకసారి చూశాడు. "శాసనం ప్రకారమైతే అందరూ పోవాల ప్రభూ. అందరూ పోతే మళ్లీ ఏడు అగ్గిబాట ఎవరు ఊడుస్తరు?"

రాజుగారు నవ్వారు. ఊరికి నవ్వు రాలేదు. ఇంటికి అయిదు ఇప్పమొక్కలు పెంచాలని, ఈదయ్య గుడిసె ఊరే కట్టివ్వాలని తీర్పయింది. ఆ సాయంత్రమే చెలమ నీళ్లు కడవలతో ఈదయ్య దగ్గరికి నడిచాయి. అన్నిటికంటే ముందు నడిచింది సిద్దమ్మ కడవ.

ఓబులేసు తన చేతికర్ర తెచ్చి ఈదయ్య ముందు పెట్టాడు. "ఇక పెద్దరికం నీది. అగ్గిబాట నువ్వు చూడు" అన్నాడు.

ఈదయ్య కర్రను ఇటూ అటూ తిప్పి చూసి, మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు. "బాట నేను చూస్తాలే. కర్ర నీ దగ్గరే ఉండనీ పెద్దాయనా. నీకే అవసరం."

మళ్లీ శివరాత్రి వచ్చింది. ఊరు చీపుళ్లతో కొండెక్కింది. ఓబులేసు కుంటుకుంటూ తన వంతు దగ్గర నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. అయినా ఆ పాత కేకను ఈసారి బయటికి తెచ్చాడు.

"నాకు చేతకావడం లేదు. ఎవరన్నా ఒక చెయ్యి వేయండమ్మా!"

అరవై చీపుళ్లు ఒక్కసారి ఇటు తిరిగాయి. ఎంత చిన్న కేక! అది ఏడాది ముందు వచ్చి ఉంటే మూడు వందల చెట్లు పూస్తూ ఉండేవని అనుకుని, ఓబులేసు చెట్ల మోళ్ల వైపు చూడలేక తల దించుకున్నాడు. పెంచుతున్న మొక్కలు పూతకు రావడానికి పది, పన్నెండేళ్లు. అప్పటికి తానుంటాడో లేదో. ఉన్నా లేకున్నా రోజూ వాటికి నీళ్లు పోశాడు.

కాబట్టి పిల్లలూ, చేతకానిదాన్ని చేతకాదని చెప్పడం చిన్న సిగ్గు, చేసిన తప్పును ఇంకొకరి మీద పడనివ్వడం పెద్ద సిగ్గు. చిన్నదానికి వెరచినవాణ్ని పెద్దది కాల్చక మానదు.