రాజుగారు గుర్తుపట్టని ముళ్లమొక్క

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ముళ్లంటే మహా ముద్దు. అందరు రాజులూ మల్లెలూ జాజులూ పెంచుకుంటే, ఈ ఉద్దండభూపతి మాత్రం ఓడలవాళ్ల చేత దేశదేశాల జెముళ్లు తెప్పించి కోట వెనక తోట వేయించాడు. నాగజెముడు, బొమ్మజెముడు, వేలెడంత కలబంద, గుమ్మడికాయలా గుండ్రటిది ఒకటి, స్తంభంలా నిలువెత్తుది ఇంకొకటి! నిజం చెప్పొద్దూ, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు.

"కళ్లకు గంతలు కట్టినా సరే, ముల్లు తాకి మొక్క పేరు చెప్పేస్తాను!" అని రాజు కొలువులో మీసం దువ్వేవాడు. పైగా రోజూ పొద్దున్నే ప్రతి కుండీకీ తన చేత్తోనే నిండా నీళ్లు పోసేవాడు. రాజు పోస్తుంటే వద్దనేదెవడు?

ఇంకేముంది, మొక్కలు మొదలు కుళ్లి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. "ఇదంతా తోటమాలి సిద్ధప్ప నిర్వాకం! రేపు పొద్దుగూకేలోగా పెళ్లాంబిడ్డలతో పొలిమేర దాటాలి," అని రాజు ఉత్తరువిచ్చాడు.

సిద్ధప్ప పరుగున వెళ్లి కొలువులోని విదూషకుడు కొండుభట్టు కాళ్ల మీద పడ్డాడు. "సామీ, నా బిడ్డల్ని తీసుకుని ఎక్కడికి పోయేది? నువ్వే కాపాడాల!"

కొండుభట్టు అతణ్ని లేవదీశాడు. ఏం చేయాలా అని తోట గోడ చుట్టూ తిరుగుతుంటే, వెనకనున్న రాళ్లగుట్టలో ఏదో మెరిసింది. నిరుడు కుళ్లిందని రాజు కోసి పారేయించిన జెముడు! తల బతికి, రాళ్ల సందున వేళ్లూనుకుంది. ఎండకు ఒళ్లు గట్టిపడి, రాగిరంగు తిరిగి, ఒంటినిండా వెండితీగల్లాంటి ముళ్లతో, నెత్తిన గులాబీరంగు పువ్వుతో కూర్చుని ఉంది.

"ఎంత అందగత్తెవే తల్లీ!" అని కొండుభట్టు చేతులు జోడించాడు.

మర్నాడు దాన్ని పళ్లెంలో పెట్టి, గుడ్డ కప్పి కొలువుకు తెచ్చాడు. "ప్రభూ, దీని పేరు తమరు చెబితే సిద్ధప్పతో పాటు నేనూ పొలిమేర దాటుతాను. చెప్పలేకపోతే వాడి శిక్ష రద్దు చేయాలి."

"నాకు తెలియని ముల్లా? తియ్యవయ్యా గుడ్డ!"

గుడ్డ తీయగానే రాజు సింహాసనం దిగొచ్చి నేలమీదే చతికిలబడ్డాడు. "అబ్బబ్బ! ఈ గట్లు చూడు, చీర కుచ్చిళ్లు సర్దినట్టున్నాయి. ఈ రేకు చూడు, పట్టుకంటే నునుపు! ఏ ద్వీపం నుంచి తెప్పించావయ్యా? ఇలాంటిది నా తోటలో లేనే లేదు."

"పేరు సెలవివ్వండి ప్రభూ."

రాజు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి "ఓడిపోయాను," అన్నాడు.

"ఇది తమ తోటలోదే. నిరుడు తమరు పారేయించిందే."

"అబద్ధం! అది పొట్లకాయలా పాలిపోయి సాగి ఉండేది."

కొండుభట్టు దాన్ని మెల్లగా ఒరిగించి, అడుగున ఉన్న పాత కత్తిగాటు చూపించాడు. రాజు ఆ గాటును వేలితో తడిమి చూశాడు. "ఇంత అందంగా పెంచిందెవరయ్యా?" అన్నాడు.

"ఎవరూ పెంచలేదు ప్రభూ. అందుకే పెరిగింది."

రాజు కళ్లెర్రజేశాడు. "అంటే నా చేతి నీళ్లు విషమంటావా?"

"రామ రామ! అది ప్రేమే ప్రభూ. కానీ ఎండల్లో పుట్టిన బిడ్డకు రోజూ తలంటు పోస్తే జలుబు చేయదూ?"

రాజు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. భుజాన ఉన్న శాలువా తీసి కొండుభట్టుకు కప్పాడు. "సిద్ధప్ప ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇకమీదట తోటలో వాడి మాటే శాసనం, నాకు కూడా!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉద్దండభూపతి తోట వాకిట నిలబడి, "సిద్ధప్పా, లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

"రండి దొరా," అన్నాడు సిద్ధప్ప. "చేతులు మాత్రం వెనక్కి కట్టుకోండి."