నూకాలమ్మ కూర్చున్న బొమ్మ

కాకినాడలో మాకు బొమ్మలు నేర్పిన పుల్లంరాజు మాస్టారికి అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో పని అప్పజెప్పి ఊరుకునేవారు.

ఒకనాడు మాతో నేర్చుకునే సుదర్శనం, వందేళ్ళనాటి ఫ్రెంచి చిత్రకారుల పుస్తకం తిరగేస్తూ అడిగాడు. "ఎండనీ నీటినీ రంగుల్లో అంత అందంగా పట్టినవాళ్ళు, ఇస్త్రీ చేసే ఆడవాళ్ళనీ దారిన పోయేవాళ్ళనీ పెన్సిలుతో వీపువైపు నుంచి గీసుకోవడం దేనికి మాస్టారూ? సగం బొమ్మలకి మొహమే లేదు."

మాస్టారు వీధి అవతల ఇస్త్రీ బండి దగ్గరున్న ముసలావిణ్ణి చూపించారు. "నూకాలమ్మ మనవరాలికి ఆవిడ బొమ్మ కావాలట. వేసిపెట్టు."

నూకాలమ్మ పెంచిన ఆ పిల్ల రాజమండ్రి హాస్టల్లో చేరి పదిరోజులైంది. బెంగతో అన్నం సహించక, చదువు మానేసి వచ్చేస్తానని ఒకటే ఉత్తరాలు. అమ్మమ్మ ఫోటో అయినా పంపమంది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నూకాలమ్మ భయం, బొమ్మయితే ఫర్వాలేదట. పిల్ల చదువు ఆగిపోకూడదని ఆవిడ ఆరాటం.

సుదర్శనం పనిదొంగ కాడు. వసారాలో కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. నూకాలమ్మ నున్నగా తల దువ్వుకుని, పెట్టెలోని జరీచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని మూడు పూటలు కదలకుండా కూర్చుంది. ముక్కుపుడకలో రాయి కూడా వదలకుండా దించాడు మావాడు.

బొమ్మ పోస్టులో వేసిన వారానికి జవాబొచ్చింది. నూకాలమ్మకి చదువు రాదు కనుక సుదర్శనమే చదివాడు. "అమ్మమ్మా, బొమ్మ చాలా బాగుంది. కానీ నువ్వెప్పుడు కూర్చున్నావే? ఒంట్లో బాగోలేదా? నాకు భయమేస్తోంది. శనివారం వచ్చేస్తున్నాను."

"ఇప్పుడేం సెయ్యాలి బాబూ? పిల్ల సదువు పోద్దేమో" అంది నూకాలమ్మ.

మాస్టారు తను బొమ్మలు గీసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చారు. ఎప్పుడో వసారాలోంచి రెండు నిమిషాల్లో గీసింది. మొహం లేదు. కొంగు నడుముకి దోపి, బొగ్గుల ఇస్త్రీపెట్టె బరువుకి కుడిభుజం వాలిపోయి, ఒక పాదంతో రెండో కాలి పిక్క గోక్కుంటున్న మనిషి వీపు. ఆ పూటే పోస్టులో వేశాం.

శనివారం పిల్ల రాలేదు. సోమవారం ఉత్తరం వచ్చింది. "గోడకి అంటించి దాని కిందే చదువుకుంటున్నాను. నువ్వు పొద్దెక్కకముందే అన్నం తిను."

సుదర్శనం చిన్నబోయాడు. "నా బొమ్మలో తప్పెక్కడుంది మాస్టారూ?"

"తప్పేం లేదురా. ఆవిడ ముస్తాబై కూర్చుని నీకు మర్యాద చేసింది. నువ్వు అదే గీశావు."