మడతపెట్టిన పేజీ దాకా

కొమరగిరి మాస్టారు ఏ ప్రశ్నకీ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. జవాబు అందులోంచి వాడే ఏరుకోవాలి. అనకాపల్లిలో ఆయన ఇంటికి ఆదివారం పాఠాలకి వెళ్లే మేమంతా ఆ దెబ్బ తిన్నవాళ్లమే.

ఓ ఆదివారం పొద్దున్నే మాలో ఒకడైన పరశురామ్ ఒక నవల పట్టుకుని వచ్చాడు. అతను కాలేజీలో సాహిత్య విమర్శ చెబుతాడు, ఆ సంగతి మమ్మల్ని ఎన్నడూ మరిచిపోనివ్వడు. పదో తరగతి చదివే కూతురు హిమజ చేతిలోంచి నాలుగు రోజుల క్రితం ఆ పుస్తకం లాక్కున్నాడట. అప్పట్నుంచి ఆ పిల్ల పిలిస్తే వస్తుంది, చెప్పింది చేస్తుంది, తండ్రితో మాత్రం పెదవి విప్పదు. అయినా అతను పట్టు విడవలేదు.

"పదిహేనేళ్ల పిల్లల కోసం రాసిన ఈ నవలల్లో ఏముంటుంది మాస్టారూ? ఇంటినిండా మంచి పుస్తకాలున్నాయి. నేను చేసింది తప్పా?"

మాస్టారు పుస్తకం తిరగేశారు. నూట పదకొండో పేజీ మూల మడిచి ఉంది.

"నువ్వు చదివావా?"

"అట్ట వెనక చూశాను."

"అయితే మొదట్నుంచి ఈ మడత దాకా పైకి చదువు. మేం వింటాం."

పరశురామ్ మొదట వార్తలు చదివినట్టు గబగబా లాగించాడు. కథలో అమ్మాయి లెక్కల పరీక్ష తప్పుతుంది. నాన్నకి చెప్పలేక ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన సంతకం తనే పెట్టేస్తుంది. అది కుదిరేదాకా పాత నోటుపుస్తకంలో ఆరు పేజీలు సాధన చేసే చోట పరశురామ్ ఫక్కున నవ్వాడు. ఆ తర్వాత నెమ్మదించాడు. మధ్యాహ్నం మాస్టారి భార్య భోజనానికి పిలిస్తే, "ఇంకో పది పేజీలేనమ్మా" అన్నాడు. మేం ఆకలితోనే కూర్చున్నాం.

చివరికి కథలోని నాన్నని బడికి పిలిపించారు. హెడ్‌మిస్ట్రెస్ కార్డు ముందుకి తోసి, ఇది మీ సంతకమేనా అని అడిగింది. ఆయన కార్డు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూశాడు, కళ్లజోడు తీశాడు. పరశురామ్ పేజీ తిప్పబోతుంటే మాస్టారు పుస్తకం లాక్కుని ఒళ్లో పెట్టుకున్నారు.

"ఒక్క పేజీ మాస్టారూ."

"మడత దాకానే అన్నాను."

"ఆయన ఏమన్నాడో చూసి ఇచ్చేస్తాను."

మాస్టారు కదల్లేదు. ఎన్నో పుస్తకాలని ఒక్కమాటతో తీసిపారేసిన మనిషి చెయ్యి చాచి బతిమాలుతుంటే నాకు నవ్వు రాలేదు, జాలేసింది. చాచిన ఆ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. తన కూతురూ సరిగ్గా ఇలాగే చెయ్యి చాచిందని తర్వాత నాతో చెప్పుకున్నాడు.

అతను లేచి చొక్కా సర్దుకున్నాడు. భోంచేసి వెళ్లమని మాస్టారి భార్య అంటే, "లేదమ్మా, ఇంటికే వెళ్లాలి, ఇప్పుడే వెళ్లాలి" అన్నాడు. అప్పుడు మాస్టారు పుస్తకం అతని చేతిలో పెట్టారు.

"దారిలో విప్పకు. ఆ నాన్న ఏమంటాడోనని నీకంటే ముందునుంచి ఒకరు ఎదురుచూస్తున్నారు."