ఆకుల కంటే ముందొచ్చిన భూచంపకం

ఒకప్పుడు భూచంపకం కూడా అన్ని మొక్కల్లాగే ముందు ఆకులేసి, తర్వాతే పువ్వు పూసేది. ఆ పద్ధతి మారింది చైత్ర శుద్ధ అష్టమి, మంగళవారం, పొద్దున్న సరిగ్గా ఏడున్నరకి. మా ముత్తవ్వల ముత్తవ్వ అప్పాయమ్మగారి పెరట్లో.

అడవిలో చెట్ల కింద చల్లగా బతికే ఆ మొక్కని ఆవిడ ముచ్చటపడి తెచ్చుకుంది. "దీని మొదటి పువ్వు రాముడికే" అని మొక్కుకుంది. దేవుడి సొత్తు కదా అని తులసికోట పక్కనే, నడి ఎండలో నాటింది. తులసికో చెంబు నీళ్ళు, దీనికో చెంబు.

ఎండకి ఆకులు అప్పడాల్లా వేగిపోయాయి.

"సూర్యనారాయణా, కాస్త అటు తిరగవయ్యా!" అంది మొక్క.

"తులసమ్మ నోరెత్తకుండా నిలబడలేదూ?"

"ఆవిడకి ఎండ అలవాటే. నేను నీడపిల్లని!"

చివరికి ఆకులన్నీ రాల్చేసి, భూదేవి ఒళ్ళో దుంపై ముడుచుకుని పడుకుంది. అయినా చెంబు ఆగలేదు.

"అమ్మా, మళ్ళీ పోసింది! కుళ్ళిపోతానేమో!"

"భక్తితో పోస్తోందే, ఓర్చుకో" అంది భూదేవి.

నవమి ముందురోజు అప్పాయమ్మగారు నిట్టూర్చింది. "మాణిక్యం, ఇది పోయిందే. రాముడికి మాట తప్పాను. గునపం తే, తవ్వి పారేసి కనకాంబరం వేద్దాం."

"ఇంకో వారం చూద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"చూసింది చాలు. తే."

గునపం మాట వినగానే దుంపకి దడ పుట్టింది. "ఆకులూ, లేవండర్రా! బతికే ఉన్నామని చెప్పండి!"

"మేమింకా తయారవలేదు" అన్నాయి ఆకులు బద్ధకంగా.

"అయితే నేనే వెళ్తా" అంది మొగ్గ.

"ఆకు చాటైనా లేకుండా గడప దాటతావా? నలుగురూ ఏమనుకుంటారే?" అంది దుంప.

"ఇల్లు కూలుతుంటే ఎవరైనా కుచ్చిళ్ళు సర్దుకుంటారటే!"

గునపం పైకి లేచింది. అంతలో నేల చీలింది. ఉత్త మట్టిలోంచి తెల్లటి పువ్వు, పెదవికి ఊదారంగు పూసుకుని, గుప్పుమని పైకొచ్చింది.

"అయ్యో తల్లీ! బతికున్నదాన్నే తవ్వబోయాను!" అప్పాయమ్మగారి చేతిలోంచి గునపం జారిపోయింది.

ఆకులు మాత్రం తీరిగ్గా తొలకరికి వచ్చాయి. పువ్వు ఎప్పుడో వచ్చి వెళ్ళిందని తెలిసి సిగ్గుతో కందిపోయాయి.

అప్పటినుంచే భూచంపకం ఎండాకాలంలో వట్టి నేలలోంచి ముందు పువ్వు పూస్తుంది, వానలకి ఆకులేస్తుంది. ఆకు తిప్పి చూడండి, వెనకవైపు ఇంకా ఊదాగానే కంది ఉంటుంది. అదే దాని గుర్తు.

పువ్వు పూసిన మర్నాడు, నవమి పొద్దున్న, మావాళ్ళు పువ్వుని రాముడి పాదాల దగ్గర పెట్టి, దుంపని పనసచెట్టు నీడలోకి మార్చారు. అప్పాయమ్మగారు అలవాటు కొద్దీ చెంబు ఎత్తబోయింది. చెంబు లేదు. మాణిక్యం ఎక్కడో దాచేసింది. ఆ పూట తులసమ్మకి కూడా దోసిలితోనే పోశారు.