ఆకు కదిలిందని

జంగారెడ్డిగూడెం అవతల మెట్టలో విస్సంరాజు అని ఒక కోకో రైతు ఉండేవాడు, మనిషి మంచోడే గానీ ఒకటే రోగం: ముందు కాల్చేసేవాడు, దేన్ని కాల్చాడో తర్వాత వెళ్ళి చూసుకునేవాడు.

నిజంగా అంతే. ఏలూరు వెళ్ళి ఒక ఎయిర్ గన్ కొనుక్కొచ్చాడు. బ్యారెల్ వంచడం, పెల్లెట్ పెట్టడం, టప్! మొదటి వారం ఏం పడిందో తెలుసా? సొంత డ్రిప్ పైపు. రెండో వారం తీగ మీద ఆరేసిన సొంత బనీను. కోతి అనుకున్నాడంట! మళ్ళీ ఆ బనీనే వేసుకుని, వీపు మీద చిల్లుతో దర్జాగా తిరిగేవాడు.

ఆయన పగంతా ఉడతల మీద. కొబ్బరి చెట్ల కింద కోకో వేస్తారు కదా, కాయ పండితే పసుప్పచ్చగా అవుద్ది. ఉడత దానికి చిల్లు పెట్టి, లోపల తియ్యటి గుజ్జు చప్పరించేసి, గింజలు కింద పడేస్తది. అందుకే తెలిసిన రైతులు పది రోజులకోసారి పండిన కాయలన్నీ కోసేస్తారు. మన రాజుగారు మాత్రం నెలకోసారి కోసేవాడు.

"మాటిమాటికీ ఎవడు తిరుగుతాడు? అన్నీ పండాక ఒకేసారి దింపేద్దాం" అనేవాడు.

అంటే ఉడతలకి ఇరవై రోజులు విందు పెట్టి, తిన్నందుకు కాల్చేవాడన్నమాట. ఏం న్యాయమో ఏంటో.

పక్క తోట వీరాస్వామిది. వీరాస్వామి సన్నాయి వాయించేవాడు. ఆ చుట్టుపక్కల పెళ్ళి అంటే ఆయన మేళమే రావాలి. రాజుగారూ ఆయనా చిన్నప్పుడు ఒకే బళ్ళో ఒకే బెంచీ. నలుగురిలో ఉంటే వీరాస్వామి "రాజుగారూ" అని పిలిచేవాడు. తోటలో ఇద్దరే ఉంటే "ఒరేయ్ విస్సం" అనేవాడు. ఆ ఊళ్ళో రాజుగారిని ఒరేయ్ అనగలిగే మనిషి ఇంకెవరూ మిగల్లేదు.

రాజుగారి భార్య పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. తోటలోనే ఇల్లు, ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. రోజూ తెల్లారేటప్పుడు వీరాస్వామి తన తోటలో కూర్చుని సన్నాయి సాధన చేసేవాడు. రాజుగారు కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చునేవాడు. అవతల పాట మొదలైతేగానీ మొదటి గుక్క తాగేవాడు కాదు. మరి బాగుందని ఒక్కసారైనా అన్నాడా? అబ్బే!

"ఏంట్రా ఇవాళ, దూడ తప్పిపోయిన గేదెలాగా ఆ ఏడుపు?" అనేవాడు.

"గేదెకైనా చెవులుంటాయి, నీకు అవీ లేవు" అనేవాడు వీరాస్వామి.

ఇద్దరూ నవ్వుకునేవారు. అలా ముప్పై ఏళ్ళు నడిచింది.

ఒకరోజు రాజుగారు పాడైపోయిన కాయలు కుప్ప పోసి తిట్టుకుంటున్నాడు. వీరాస్వామి వచ్చి రెండు కాయలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒరేయ్ విస్సం, ఇది చూడు. నడుం మీద చిల్లుంది, ఇది ఉడత. ఇది తొడిమ దగ్గర కొరికుంది, ఇది ఎలుక. నీ కుప్పలో సగం ఎలుక పనే. నువ్వేమో పొద్దస్తమానం ఉడతల మీద పడతావు."

"ఏదైతే ఏంట్రా! కదిలిందా, కొట్టామా, అంతే."

"ఆకు కదిలితే కొట్టేస్తావా? తోకైనా కనపడనీ. పది రోజులకోసారి కోసుకుంటే అసలా తుపాకీతో పనే ఉండదు."

"నువ్వు నీ బూరా ఊదుకో, నా తోట నాకొదిలెయ్."

"సన్నాయిని బూరా అన్నోడికి అన్నం పుట్టదు" అని తిట్టి వెళ్ళిపోయాడు వీరాస్వామి. అంత చిన్న గొడవే. మర్నాడు మళ్ళీ పాట వినపడింది, కాఫీ గొంతు దిగింది.

పుష్యమాసం వచ్చింది. పెళ్ళిళ్ళు ఉండవు, మేళానికి పని లేదు. రాజుగారు పురుగుమందు డబ్బాల కోసం జంగారెడ్డిగూడెం వెళ్ళాడు. వీరాస్వామి గట్టు మీద నుంచి చూస్తే రాజుగారి తోట నిండా పసుపు కాయలే. ఇంకో వారం వదిలేస్తే సగం ఎలుకలకే. చెప్తే వినడు కదా అనుకున్నాడు. కొడవలి కట్టిన దోటి పట్టుకుని వెళ్ళి, చెప్పకుండా కొయ్యడం మొదలుపెట్టాడు. స్నేహితుడొచ్చి కుప్ప చూసి ఏం మొహం పెడతాడో చూద్దామని ఆయన సరదా.

రాజుగారు షాపు మూసి ఉందని గంటలోనే తిరిగొచ్చేశాడు. కోకో తోట ఎలా ఉంటుందో చూశారా? మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటిగా ఉంటుంది. గొడుగులాగా ఆకులు, కింద మోకాలు ముంచే ఎండుటాకు. వరండాలో నుంచి చూస్తే నాలుగో వరసలో ఒక కొమ్మ ఊగింది. ఆకుల సందులో గోధుమరంగుది ఏదో కదిలింది.

"దొరికావే!" అన్నాడు. బ్యారెల్ వంచాడు, పెల్లెట్ పెట్టాడు, నొక్కేశాడు.

"అమ్మా!"

ఉడత అలా అరవదు కదా.

రాజుగారు పరిగెత్తాడు. వీరాస్వామి చెట్టు మొదట్లో కూర్చుని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఉంగరం వేలు కణుపు దగ్గర నుంచి రక్తం. పక్కన, అప్పటికే కోసి వరసగా పేర్చిన పసుపు కాయల కుప్ప.

"నువ్వేంట్రా ఇక్కడ?" అన్నాడు రాజుగారు. ఆ మాటే వచ్చింది నోట్లోంచి.

వీరాస్వామి తన వేలి వంక చూసుకుంటున్నాడు, కదుపుదామని చూస్తున్నాడు. అది కదలట్లేదు.

ఏలూరు ఆసుపత్రిలో పెల్లెట్ తీశారు. కణుపు మాత్రం బిగుసుకుపోయింది. వేలుంది గానీ చెప్పినమాట వినదు. సన్నాయికి వేలు రెప్పపాటులో లేవాలి, రెప్పపాటులో చిల్లు మీద కూర్చోవాలి. చిన్న తేడా వచ్చినా గాలి జారిపోయి స్వరం పలకదు. ఊళ్ళో ఎవరడిగినా వీరాస్వామి ఒకటే చెప్పేవాడు, "తప్పు నాదే, చెప్పకుండా వెళ్ళాను". ఆ మాట విన్నప్పుడల్లా రాజుగారికి తలెత్తబుద్ధి అయ్యేది కాదు. అదే నాలుగు తిట్టుంటే బాగుండేది.

మాఘం వచ్చింది, ముహూర్తాలొచ్చాయి. వీరాస్వామి మేనల్లుడు సన్నాయి పట్టుకున్నాడు. వీరాస్వామి పక్కన కూర్చుని తాళం వేసేవాడు. ఆ వేలు తప్ప మిగతా వేళ్ళు మోకాలి మీద వాటంతటవే ఆడుతుండేవి.

రాజుగారు మాత్రం రోజూ అదే వేళకి లేచేవాడు. కాఫీ పెట్టుకునేవాడు. గట్టు మీద కూర్చునేవాడు. ఎదురుచూసేవాడు. కొబ్బరాకుల చప్పుడు, దూరంగా ఎక్కడో మోటారు, ఉడతల కిచకిచలు. అంతే. కాఫీ చల్లారిపోయేది, ఒలకబోసి లోపలికెళ్ళేవాడు. ఇంట్లో రేడియో పెట్టి చూశాడు. ఎవరో గొప్ప విద్వాంసుడు వాయిస్తున్నాడు, ఒక్క తప్పు లేదు. రెండు నిమిషాలు విని కట్టేశాడు. ఆయనకి కావలసింది ఆ గట్టు అవతల నుంచి వచ్చేది. మధ్యలో ఆగి దగ్గి, మళ్ళీ అందుకునేది.

ఉండబట్టలేక ఒకరోజు వీరాస్వామి ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"రండి రాజుగారూ, కూర్చోండి" అన్నాడు వీరాస్వామి.

"ఎవరూ లేరు కదరా. ఒరేయ్ అను."

"అలవాటు తప్పిపోయిందండీ."

ఆయన కోపంగా అన్లేదు. అసలు అదే కదా బాధ. మామూలుగా, మర్యాదగా అన్నాడు. రాజుగారు మంచినీళ్ళు తాగి వచ్చేశాడు.

ఆ మర్నాటి నుంచి రాజుగారు దోటి పట్టుకున్నాడు. పది రోజులకోసారి తోటంతా తిరిగి పండిన కాయ వదలకుండా కోసేవాడు. ఎలుకలకి బోన్లు పెట్టాడు. వీరాస్వామి దోటి పట్టలేడు కాబట్టి ఆయన తోట కూడా కోసి, కాయలు గట్టు మీద పేర్చి, ఎదురుపడకుండా వచ్చేసేవాడు. ఉడతలు రాలేదని కాదు, వచ్చేవి. వాటికేం దొరక్క చికాగ్గా తోక ఊపి పోయేవి. తుపాకీతో రెండేళ్ళలో కానిది దోటితో రెండు నెలల్లో అయింది. వీరాస్వామి మొదట్నుంచీ అదే కదా మొత్తుకుంది!

ఒకరోజు రాజుగారు కాయలు పేరుస్తుంటే వీరాస్వామి వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకండీ ఈ శ్రమ? మా మేనల్లుడు కోస్తాడు కదా."

రాజుగారు దోటి కింద పెట్టేశాడు.

"వీరాస్వామీ, నాకు తెల్లారట్లేదురా. నువ్వు వాయిస్తేనే నాకు తెల్లారేది. గేదె అన్నాను, బూరా అన్నాను. నీ పాట లేకుండా ఒక్క పూట కాఫీ తాగింది లేదు నేను."

వీరాస్వామి గట్టు మీద కూర్చున్నాడు.

"ఈ ముక్క నా వేలు బాగున్నప్పుడు చెప్పుంటే, ఎంత సంబరంగా వాయించేవాడినో రాజుగారూ" అన్నాడు.

రాజుగారూ పక్కన కూర్చున్నాడు. మధ్యలో కాయల కుప్ప.

కొన్నాళ్ళకి పై తోట రైతు నూకాలరావు రాజుగారింటికి వచ్చాడు.

"రాజుగారూ, మీ గన్ను ఊరికే పడుందంట కదా. ఉడతలు నన్ను తినేస్తున్నాయండీ, ఒక్క వారం ఇవ్వండి" అన్నాడు.

"ఇస్తాను. ముందో పని చెయ్యి. నీ తోటలో ఆకు కదిలిన ప్రతిసారీ, అక్కడేముందో దగ్గరికెళ్ళి చూసి రా. వారం రోజులు చూడు. అప్పటికీ కావాలంటే వచ్చి తీసుకెళ్ళు."

నూకాలరావు నవ్వుకుంటూ వెళ్ళాడు. మొదటి రోజు తొండ. రెండో రోజు గాలి. మూడో రోజు ఎండు కొమ్మలు ఏరుకుంటున్న వాళ్ళ అమ్మ, గోధుమరంగు చీరలో, వంగుని.

నూకాలరావు మళ్ళీ తుపాకీ అడగడానికి రాలేదు.

నీతి: ఎదుట ఉన్నదేంటో కళ్ళారా చూడకుండా ఎప్పుడూ దెబ్బ వెయ్యకూడదు, వేసేశాక ఎంత ఏడ్చినా, అవతల పోయింది మనం తెచ్చి ఇవ్వలేం.