కొత్త డిస్కులో చోటు

కంప్యూటర్లో హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకోవడం మొదలై మూడు రోజులైంది. ఆ మూడు రోజులుగా ఆదిశేషుకి అన్నం సయించడం లేదు.

ఆ కంప్యూటరు ఉన్నది అతని ఇంట్లో కాదు. మార్టూరులో, గురువుగారు నాగూర్ సాహెబు ఇంట్లో, వీధిగదిలో చెక్కబల్ల మీద. సన్నాయి పాఠాలు రికార్డు చేసుకుంటానని పదకొండేళ్ళ కిందట ఆదిశేషే తెచ్చి పెట్టాడు. అప్పట్నుంచీ గురువుగారి సన్నాయి ఎక్కడ మోగితే అక్కడ రికార్డు చేశాడు. తిరునాళ్ళలో, పెళ్ళిళ్ళలో, గుళ్ళో ఉత్సవాల్లో ఆయన చేసిన కచేరీలు ఒక పక్క. ఇదే గదిలో తెల్లారకముందే కూర్చోబెట్టి చెప్పిన పాఠాలు ఇంకో పక్క. ఆడియోలూ వీడియోలూ కలిసి డిస్కు అంచుదాకా నిండింది.

రెండేళ్ళ కిందట గురువుగారికి పక్షవాతం వచ్చి మూతి కాస్త పక్కకి పోయింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. సన్నాయి పట్టే పెదవులు మాత్రం తిరిగి రాలేదు. ఆయన దాని గురించి ఎవరి దగ్గరా ఏడవలేదు, ఏడ్చింది ఆదిశేషు. అందుకే ఆ డిస్కు పోవడమంటే గురువుగారి సన్నాయి ఈ లోకంలోనే లేకుండా పోవడమని అతని భయం.

డిస్కు చేసే చప్పుడుని కూడా ఫోన్లో రికార్డు చేసుకుని చిలకలూరిపేట వెళ్ళి, కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్కుకి వినిపించాడు. రికార్డు చెయ్యడం అతనికి అంత అలవాటు మరి. మెకానిక్కు చెవి ఆనించి విని పెదవి విరిచాడు.

"ఇది ఇవాళో రేపో అన్నట్టుందండీ. ఉన్నదంతా గబగబా ఎస్సెస్డీ అని కొత్తరకం డిస్కు ఉంది, దాంట్లోకి ఎక్కించుకోండి. దాంట్లో తిరిగేదేమీ ఉండదు, చప్పుడుండదు. నిశ్చింతగా ఉండొచ్చు."

తీరా చూస్తే ఆ షాపులో ఉన్న ఎస్సెస్డీ పాతదాంట్లో సగమే. పెద్దది విజయవాడ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది. ఈ డిస్కు నాలుగు రోజులు బతుకుతుందా అంటే మెకానిక్కు పైకి చూశాడు గానీ మాటివ్వలేదు. ఆదిశేషు ఉన్నదాన్నే పట్టుకొచ్చేశాడు. మిగతావి దాచుకుందామంటే అతని ఫోను ఎప్పుడో నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే గురువుగారింటికి వచ్చి కొత్తదానికి తీగ తగిలించాడు. స్క్రీన్ మీద రెండు డిస్కులూ పక్కపక్కన కనిపించాయి. అన్నీ పట్టవు కాబట్టి ఏవి పంపాలో చూసుకుని ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టాలి. పాతదాన్ని పదేపదే కదపొద్దని, అంతా ఒక్క విడతలోనే పంపమని మెకానిక్కు చెప్పాడు.

కచేరీలన్నిటికీ పెట్టేశాడు. దానికి ఆలోచనెందుకు? పాఠాల్లో ఒక్కదానికీ పెట్టలేదు. దానికీ పెద్దగా ఆలోచించలేదు. పాఠాల్లో ఏముంది, తను తప్పులు వాయించడం, గురువుగారు తిట్టడం. ఇప్పుడు ఆదిశేషు కూడా చిన్నో పెద్దో ఒక విద్వాంసుడు. గుళ్ళో కొలువుంది, ఇంటి దగ్గర ఆరుగురు శిష్యులున్నారు. తనని "దున్నపోతా" అని పిలవడం ఆ ఆరుగురిలో ఏ ఒక్కడు విన్నా ఇంక మర్యాద దక్కదు.

అయినా చోటు చాల్లేదు. ఇంకా మూడు కచేరీలు ఎక్కువయ్యాయి.

అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది. ఒకదానికి టిక్కు తీసేవాడు, వెంటనే పెట్టేవాడు. ఇంకోదానికి తీసేవాడు, మళ్ళీ పెట్టేవాడు. డిస్కు టక్కుమనేది, కాసేపు ఊరుకునేది, మళ్ళీ టక్కుమనేది. కొట్టుకుంటున్నప్పటికంటే ఊరుకున్నప్పుడే అతనికి ఎక్కువ భయం వేసేది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

నాగూర్ సాహెబు కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుని పళ్ళెంలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. కాసేపు చూసి, "ఏందిరా, పొద్దుట్నించీ దాన్ని మింగేసేట్టు చూస్తన్నావు?" అన్నారు.

"మూడు కచేరీలు పట్టట్లేదండీ. ఏవి తీసెయ్యాలో నా వల్ల కావట్లా. మీరే చెప్పండి గురువుగారూ."

"వినకుండా ఎట్టా చెప్పేది? పెట్టు."

"టైము లేదండీ. ఇది ఏ నిమిషానైనా ఆగిపోద్ది."

"అయితే తొందరగా పెట్టు."

ఆదిశేషు కోటప్పకొండ తిరునాళ్ళలో వాయించిన తోడి రాగం పెట్టాడు. గదిలోకి ఒక్కసారిగా జనం, డోలు, వాటన్నిటి మీద గురువుగారి సన్నాయి వచ్చాయి. సాహెబు కళ్ళు మూసుకుని విన్నారు. అరచేతిలో గింజలు అలాగే ఉన్నాయి.

"బాగుంది. తీసెయ్" అన్నారు.

రథోత్సవం రోజుది పెట్టాడు.

"ఇదీ బాగుంది. తీసెయ్."

అద్దంకిలో పెళ్ళికి వాయించినది పెట్టాడు. అందులో ఒకచోట గురువుగారు ఊపిరి తీసుకోకుండా స్వరాన్ని అలా నిలబెట్టేస్తారు. వంటవాళ్ళు గరిటెలు వదిలేసి వచ్చి నిలబడ్డారని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇది మరీ బాగుంది. తీసెయ్."

బాగుంటే తీసెయ్యమనడమేమిటి? ఆదిశేషుకి ఏడుపొక్కటే తక్కువ. పెద్దాయనకి అసలు సంగతి బోధపడలేదేమో అనుకున్నాడు.

"గురువుగారూ, ఇవి పోతే మళ్ళీ రావండీ. ఎంత ఏడ్చినా రావు."

"తెలుసులేరా. పాఠాలు ఎక్కడున్నయ్?"

ఆదిశేషు గొంతు తగ్గింది. "అవి ఎక్కించట్లేదండీ."

"ఏం?"

"చోటు లేదు కదండీ."

సాహెబు అతని మొహంలోకి ఒకసారి చూసి ఇంకో కాయ ఒలిచారు. "ఒకటి పెట్టు. కాంభోజిది" అన్నారు.

కాంభోజి పాఠం తొమ్మిదేళ్ళనాటిది. తొలిరోజుల్లోది కాబట్టి బొమ్మ లేదు, వట్టి మాటా పాటా. ఆ రాగంలో ఒకచోట ఒక నిషాద స్వరం చుట్టపుచూపుగా వచ్చిపోతుంది. దాన్ని తాకీ తాకనట్టు తాకి కిందికి దిగిపోవాలి. రికార్డులో కుర్ర ఆదిశేషు దాన్ని గట్టిగా పట్టుకుని నొక్కేస్తున్నాడు.

"నిషాదం మీద కూర్చోకురా దున్నపోతా! అదేమన్నా అరుగా?"

మళ్ళీ వాయించాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ తిట్టు. పది సార్లు, పదిహేను సార్లు. వింటున్న ఆదిశేషు చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కుర్రాడి మీద అతనికి కోపం వచ్చింది.

అంతలో రికార్డు ఆగిపోయింది.

టక్, టక్. తర్వాత ఆ చప్పుడు కూడా లేదు. ఆదిశేషు మౌస్ నొక్కి చూశాడు, ఏదీ కదల్లేదు. ఇంత గొప్ప కచేరీలు ఒక్కటీ ఎక్కించకుండా ఈ చెత్త పాఠం వింటూ కూర్చున్నానే అనుకున్నాడు. గురువుగారి మీద కూడా కోపం వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది. ఆయన మాత్రం కాయలు ఒలవడం ఆపలేదు.

టక్కుమంది. పాఠం ఆగినచోట్నుంచి అందుకుంది.

ఇంకో నాలుగైదు తిట్లయ్యాక రికార్డులో కాసేపు మాటలేమీ వినిపించలేదు. ఆ తర్వాత సన్నాయి ఎత్తుకుంది. పైనుంచి జారుతూ నిషాదాన్ని అలా తగిలి, పంచమం మీద వాలి, ధైవతం మీదుగా మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. పాఠం అక్కడితో అయిపోయింది.

ఏ పాఠమైనా ముగించేముందు ఆ సంగతిని గురువు తనే ఒక్కసారి వాయించి ముగించడం ఆ ఇంట్లో పద్ధతి. శిష్యుడు దాన్ని చెవిలో పెట్టుకుని ఇంటికి పోవాలి.

ఆదిశేషు కళ్ళు తుడుచుకున్నాడు. "దీన్ని ఉంచుతానండీ. ఏది పోయినా ఇది పోకూడదు."

"ఏది?"

"చివర్లో మీరు వాయించారే, అది."

"నేనా?"

"మీరు కాక ఇంకెవరండీ? ఆ నిషాదం ఇంకెవరికొస్తది?"

సాహెబు పళ్ళెం కింద పెట్టారు. చేతులు దులుపుకుని లేచి, నెమ్మదిగా నడిచొచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

"అంతవరకే మళ్ళీ పెట్టు. సన్నాయిని వదిలెయ్. వెనకాల ఏముందో విను."

ఆదిశేషు వెనక్కి జరిపి పెట్టాడు. తల వంచి స్పీకరుకి చెవి ఆనించాడు. సన్నాయి జారుతూ వచ్చింది, నిషాదాన్ని తాకింది. సరిగ్గా అప్పుడే దూరంగా, వంటింటి వైపు తిరిగి భార్యని పిలుస్తున్న గురువుగారి గొంతు వినిపించింది.

"ఖాసింబీ, కాసిని మంచినీళ్ళియ్యి."

సన్నాయి ఆగలేదు. పంచమం మీద వాలి పైకి వెళ్ళింది.

ఆదిశేషు ఇంకోసారి పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా సన్నాయి మోగుతూనే ఉంది, గురువుగారు నీళ్ళడుగుతూనే ఉన్నారు. ఆ రోజు ఈ గదిలో సన్నాయి పట్టినవాళ్ళు ఇద్దరే.

అతను మెల్లగా తలెత్తి గురువుగారి వైపు చూశాడు.

"ఊదుతా ఊదుతా నీళ్ళడగడం నాకింకా చేతకాలేదురా శేషూ" అన్నారు నాగూర్ సాహెబు. "ఇంక నీకేవి కావాలో అవి ఎక్కించుకో."